గంటసేపు లోడు మీద

స్కోపు తెరమీద ఆకుపచ్చ అల గుండ్రంగా, ఎక్కడా నలక లేకుండా పారుతోంది. వదిన యాంప్లిఫైయరు వాల్యూము బొత్తాం కొంచెం తిప్పింది. అల ఎత్తు పెరిగింది. ఇంకొంచెం తిప్పింది. అల తలని ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు పైభాగం చదునైంది. వెంటనే వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, గుండ్రం మళ్ళీ రాగానే చెయ్యి తీసేసి మీటరు వంక చూసింది.

పన్నెండు వోల్టులు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మీటరు ఎవరి మొహమాటానికీ మాట మార్చేది కాదు. పన్నెండే.

ఈ లెక్క పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. గిటారు బదులు ఒక చిన్న పెట్టె నుంచి ఆగకుండా ఒకే స్వరం యాంపులోకి పంపాలి. స్పీకరు ఊడదీసి దాని స్థానంలో డమ్మీ లోడు తగిలించాలి. అంటే చప్పుడు చెయ్యకుండా వచ్చిన బలమంతా వేడిగా మింగేసే రెసిస్టరన్న మాట. వదిన దాన్ని ఒక పాత ఇస్త్రీపెట్టె అడుగురేకుకి బిగించింది. అల తల తెగడానికి సరిగ్గా ముందు ఎన్ని వోల్టులున్నాయో చూసి, ఆ అంకెను దానితోనే గుణించి, లోడు ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. ఎనిమిది ఓములతో భాగిస్తే పద్దెనిమిది. నలభై వాట్లు రావలసిన చోట పద్దెనిమిది వాట్లు!

“పద్దెనిమిదా?” అంది వదిన యాంపుతోనే. “సిగ్గు లేదూ నీకు?”

వదిన అంటే ఆ వీధి మొత్తానికీ వదినే. నిజానికి ఆ పిలుపు హక్కు ఒక్క మనిషిది, ఆమె భర్త చెల్లెలిది. ఆ ఆడపడుచుతో కలిసి వాయించే బృందమంతా అదే పిలుపు అందుకున్నారు. వాళ్ళ నోట విని ఎదురింటి ప్లంబరూ, పేపరు వేసే ఆయనా, ఆఖరికి ఆమె కంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన ఇస్త్రీ ఆయన కూడా వదినా అనేస్తున్నారు. భర్త దూరపు బస్సు నడుపుతాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు, ఉన్న సగం రోజులూ నిద్రపోతాడు. కాబట్టి ఇంట్లో గట్టిగా మాట్లాడుకునేది ముగ్గురే. వదిన, అత్తగారు, ఆడపడుచు.

పుట్టింట్లో ఆమె తండ్రి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు. ఆ చుట్టే చెయ్యి కూతురికి వచ్చింది. ఆడపడుచు గిటారు పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే, అద్దెకు తెచ్చే యాంపులు జలుబు చేసినట్టు బుసలు కొడుతుంటే, వదినకి ఒళ్ళు మండింది. “నేను చేసిస్తానుండు, ట్యూబులతో, మంచిది” అంది. అని ఊరుకునే రకం కాదు. ఏడాది తిరక్కుండా చేసి ఇచ్చింది.

ఆ మొదటిదాని సంగతి తలుచుకుంటే వదినకి ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. స్పీకరు తగిలించి ఐదు నిమిషాలు విని, “భేష్!” అని చేతులు దులుపుకుంది. లోడు మీద కొలవలేదు, నిండు బలంతో నడిపి చూడలేదు. తొందర, ఆపైన సంబరం. స్టేజీ మీద మూడో పాట మధ్యలో అది ఊపిరి విడిచింది. ఆడపడుచు వేళ్ళు తీగలమీద పరిగెడుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. డ్రమ్ములవాడు వెనక్కి తిరిగి చూశాడు. జనంలో ఎవడో ఈల వేశాడు. ముందు వరసలో కూర్చున్న వదిన, నేల నోరు తెరిచి తనని మింగేస్తే బాగుండునని అనుకుంది.

ఇంటికొచ్చాక ఆడపడుచు ఒక్క మాట అనలేదు. అదే వదినని తినేస్తోంది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు, అలగలేదు, నవ్వుతూనే అన్నం తిన్నది. మర్నెల నుంచి మళ్ళీ అద్దె యాంపు తెచ్చుకుంది. రెండోది చేస్తున్నానని వదిన చెప్పినప్పుడు, “చూద్దాంలే వదినా” అంది. ఎంత మెత్తటి మాటో! చాకైనా అంత నున్నగా దిగదు.

ఈ సాయంత్రం పార్కులో కచేరీ. “మధ్యాహ్నం రా. నలభై వాట్లు నీ కళ్ళముందు కొలిచి చూపిస్తా. అప్పుడు తీసుకెళ్ళు” అని వదిన వారం కిందటే మాట ఇచ్చింది. ఆడపడుచు సరేనంది. అని, అద్దె యాంపు కూడా పార్కుకు పంపమని చెప్పి పెట్టుకుంది. ఆ సంగతి వదినకి తెలుసు. ఇవాళ తాడోపేడో తేలిపోవాలి. ఈ పిల్ల మళ్ళీ తన యాంపులో గిటారు వైరు గుచ్చాలి. పద్దెనిమిది వాట్లు చూపించి గుచ్చమంటే ఎవరు గుచ్చుతారు?

పవరు ట్యూబులు రెండూ పీకి కొత్త జత పెట్టింది. పన్నెండు. లోడుని విడిగా కొలిచింది. ఎనిమిది ఓములు, పిసరు తేడా లేదు. మీటరుని కొత్త బ్యాటరీ మీద పెట్టి చూసింది. నిజమే చెబుతోంది. అతుకులన్నీ ఒక్కొక్కటే కదిపి చూసింది. ఏదీ వదులు లేదు. ఇక మిగిలింది ట్రాన్స్‌ఫార్మరు. ట్యూబులిచ్చే పెద్ద వోల్టేజీని స్పీకరు తట్టుకునేలా మార్చే ఇనపముద్ద. దాన్ని వదిన సొంత చేతులతో, భోజనాల బల్లమీద, వారంపాటు చుట్టింది.

ఆ లోపల ఎక్కడో రెండు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయనుకుంది. అలా అంటుకుంటే బలమంతా అక్కడే ఆవిరైపోతుంది. ఈ మనిషి తత్వమే అంత. ఇంట్లో ఏది పోయినా ముందు తన చేతుల్నే అనుమానిస్తుంది. మొదటిదాన్ని పాడుచేసిన చేతులే కదా, రెండోదాన్ని మాత్రం బాగు చేస్తాయా అనుకుంది. అనుకుని, పట్టకారు తీసింది.

ఇనప రేకులు ఒక్కొక్కటే లాగేసింది. టేపు కోసింది. కాగితం పొర ఎత్తి పై వరస విప్పింది. బాగానే ఉంది. కింది వరస విప్పింది. అదీ బాగానే ఉంది. సగంలో ఆపి ఉంటే సరిపోయేది, కానీ పట్టిన పట్టు విడిచే ఘటం కాదు. వార్నిష్ అంటుకున్న చోట తీగ తెగింది. తెగితే తెగిందని ఇంకా లోపలికి వెళ్ళింది. చివరికి చేతిలో తీగ లేని ఉత్త బాబిన్ మిగిలింది. నేలమీద రాగితీగ చిక్కుపడిన జుట్టులా పోగుపడింది. తప్పు మాత్రం ఎక్కడా కనబడలేదు.

అప్పుడే అత్తగారు టీ పట్టుకుని వచ్చారు.

“అయ్యో, అంతా విప్పేశావుటే! వారంపాటు ఆ బల్ల ఆక్రమించుకుని చుట్టావు, నేను పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నాను.”

“ఇందులో ఏదో తప్పుంది అత్తయ్యా. బలం రావట్లేదు.”

“దొరికిందా మరి?”

“దొరకలేదు.”

అత్తగారు టీ చేతికిచ్చి, బల్లకిందకి వంగి చూసి, తృప్తిగా తలాడించారు. “పోనీలే, ఆ బల్బన్నా ఆరింది. పట్టపగలు, పొద్దుట్నుంచీ వెలుగుతూనే ఉంది. కరెంటు ఎవరబ్బ సొమ్మని!”

వదిన నోటిదాకా తీసుకెళ్ళిన గ్లాసు అక్కడే ఆగిపోయింది.

“ఏ బల్బు?”

“ఆ కింద, డబ్బా వెనకాల. ఇంకేది ఉందీ?”

వదిన మోకాళ్ళమీద కూర్చుని బల్లకిందకి చూసింది. గోడ ప్లగ్గుకీ యాంపు వైరుకీ మధ్య సిరీస్ బల్బు, తీరిగ్గా కూర్చుని ఉంది. కొత్తగా అతికిన యాంపుని మొట్టమొదటిసారి వెలిగించేటప్పుడు పెట్టే కాపలా అది. లోపల ఎక్కడైనా షార్టయితే మంట యాంపుకి అంటకుండా ఆ బల్బు తనమీద వేసుకుని వెలుగుతుంది. షార్టు లేదని తేలాక దాన్ని తీసేసి, యాంపుని నేరుగా గోడకి తగిలించాలి. పొద్దున వదిన షార్టు లేదని చూసుకుంది, సంతోషపడింది, తీసెయ్యడం మరిచిపోయింది. పాపం బల్బు దాని పని అది చేసుకుపోయింది. యాంపు నిండు బలం అడిగినప్పుడల్లా మధ్యలో సగం కరెంటు తానే తాగేసింది.

తీగది తప్పు కాదు. ట్యూబులది కాదు. వారంపాటు చుట్టిన చుట్టలో ఏ తప్పూ లేదు. ఏ తప్పూ లేనిదాన్ని తన చేత్తో నిలువునా విప్పేసింది.

“చెప్పొచ్చు కదా అత్తయ్యా!”

“చెబుదామనే రెండుసార్లు వచ్చాను. నువ్వు మొహం కందగడ్డలా పెట్టుకుని కూర్చున్నావు. కదిలిస్తే కరుస్తావేమోనని వెనక్కి వెళ్ళిపోయాను.”

వదిన నేలమీదే చతికిలబడింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. దాన్ని వేడి టీతో కలిపి మింగేసింది. తర్వాత లేచి, బీరువా పైనుంచి కొత్త తీగచుట్ట దించింది.

“ఇప్పుడేం చేస్తావే?”

“మళ్ళీ చుడతాను.”

“వారం పట్టిందిగా!”

“అప్పుడు కొలతలు తేల్చుకుంటూ చుట్టాను అత్తయ్యా. ఇప్పుడు ఎన్ని చుట్లో తెలుసు, వరసకి ఎన్ని పడతాయో తెలుసు. కూర్చుంటే అవుతుంది.”

చేత్తో తిప్పే వైండింగు మిషను బల్ల అంచుకి బిగించి, బాబిన్ ఎక్కించి మొదలుపెట్టేసరికి ఆడపడుచు దిగింది. గిటారు వీపున, చేతిలో బ్యాగు, వస్తూనే వాసన పట్టినట్టు గుమ్మంలో ఆగిపోయింది. నేలమీద తీగ పోగు, బల్లమీద బోసిగా యాంపు.

“ఏమైంది వదినా?”

దాచి లాభం లేదు. వదిన తిప్పడం ఆపకుండా జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పద్దెనిమిది వాట్లు, ట్రాన్స్‌ఫార్మరు మీద అనుమానం, బల్బు. చెబుతున్నంతసేపూ ఆడపడుచు మొహం వంక చూడలేదు. చూస్తే మళ్ళీ ఆ మెత్తటి నవ్వే కనబడుతుందని భయం.

ఆడపడుచు నవ్వలేదు. “నువ్వేనా? బల్బు తీయడం మరిచిపోయింది నువ్వేనా? పోయిన నెల గ్యాసు కట్టలేదని నన్ను అంతలేసి మాటలన్న మనిషివి నువ్వేనా?” అంది. వదినకి ప్రాణం లేచొచ్చింది. ఆ మొదటి కచేరీ తర్వాత ఈ పిల్ల ఆమెని ఎగతాళి చెయ్యడం ఇదే మొదటిసారి.

“నోరు మూసుకుని ఇలా రా. ఒంటి చేత్తో తిప్పుతూ, ఒంటి చేత్తో తీగ పట్టుకుంటే ఆలస్యమవుతోంది. పట్టుకుంటావా?”

ఆడపడుచు గిటారు గోడకానించి పక్కన కూర్చుంది. తీగ ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారుతూ బాబిన్ మీదికి ఎక్కుతోంది. మరీ బిగిస్తే తెగుతుంది, వదులిస్తే వరస చెదురుతుంది. వదిన రెండు మాటలు చెప్పబోయి ఊరుకుంది. ఆ వేళ్ళ కొసలు ఏళ్ళ తరబడి తీగల మీద గట్టిపడ్డవి, వాటికి బిగువు సంగతి ఒకరు నేర్పక్కర్లేదు. వరస నిండగానే వదిన కాగితం పొర చుడుతుంది, మళ్ళీ తిప్పుతుంది. ఎవరైనా మాట్లాడితే లెక్క తప్పుతుందని ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. కాగితం చుట్టేటప్పుడు మాత్రం నోళ్ళు విడతాయి.

“ఆరోజు నన్నెందుకు తిట్టలేదే?” అంది వదిన ఒక పొర చుడుతూ.

 ఇంకో వరస పూర్తయింది. మళ్ళీ కాగితం దగ్గరికి వచ్చాక ఆడపడుచు, “తిడితే నువ్వు ఇంక చెయ్యవేమోనని” అంది. “మళ్ళీ చేస్తే నేను వాయించాల్సొస్తుందని కూడా భయమే. స్టేజీ మీద అలా నిలబడిపోతే ఎలా ఉంటుందో తెలుసా వదినా? అందరూ నన్నే చూస్తున్నారు, నా చేతులు ఆడుతున్నాయి, నేను మాత్రం అక్కడ లేనట్టుంది. ఇప్పటికీ ప్రతి కచేరీలోనూ మూడో పాట వచ్చేసరికి నా చేతులు చల్లబడతాయి.”

 మిషను పిడి మీద వదిన చెయ్యి ఆగిపోయింది. ఆ క్షణంలో ఆమెకి నలభై వాట్ల పట్టుదల పోయి, దానికంటే పెద్దది పట్టుకుంది. ఈ పిల్ల చేతులు ఇంకెప్పుడూ చల్లబడకూడదు.

ఎండ కిటికీ దాటి పక్కకి తిరిగేవేళకి చుట్టడం అయింది. చుట్లు కదలకుండా వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాలంటే ఒక రాత్రంతా కావాలి, అంత వ్యవధి లేదు. పొడిగానే రేకులు ఎక్కించి, బిగించి, అతికింది. సిరీస్ బల్బు పెట్టి వెలిగించింది. బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే నీరసంగా మసకబారింది. షార్టు లేదు. ఈసారి మరిచిపోయే అవకాశం లేకుండా అత్తగారు చల్లబడ్డ బల్బుని దగ్గరుండి ఊడదీయించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అల గుండ్రంగా లేచింది. వదిన తిప్పింది, తిప్పింది, తల తెగగానే వెంట్రుకవాసి వెనక్కి. ముగ్గురూ మీటరు మీదికి వంగారు.

పదిహేడున్నర వోల్టులు.

“అంటే ఎంత?” అంది ఆడపడుచు.

“ముప్పై ఎనిమిది వాట్లు. నలభై అన్నాను, రెండు తగ్గాయి.”

“రెండు తగ్గితే ఎవడి చెవికి తెలుస్తుంది? వదినా, వచ్చేసింది!” ఆడపడుచు ఆమె మెడ కావలించుకుని ఊపేసింది. “పద, పద, డబ్బాలో పెట్టెయ్. ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి అద్దెది వెనక్కి తీసుకుపొమ్మంటాను.”

ఏడాదినుంచి వదిన ఎదురుచూసిన మాట అది. విని, నిజంగానే ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా ఆమె చెయ్యి యాంపు స్విచ్ మీదికి వెళ్ళలేదు.

“ఇంకా గంట ఉంది” అంది.

“దేనికి?”

“నిండు బలంతో, లోడు మీద గంటసేపు నడపాలి. మీ కచేరీ గంట. ఇది గంట నిలబడాలి.”

“గంటా? ఇంకో పావుగంటలో నేను స్టేజీ ఎక్కాలి వదినా!”

“ఎక్కు. అద్దెదానితో ఎక్కు.”

ఆడపడుచు నమ్మలేనట్టు చూసింది. “నీకేమైనా పిచ్చా? మధ్యాహ్నమంతా కూర్చుని చుట్టాం. కొలిచావు. వచ్చింది. ఇంకేం కావాలి?”

“కొలిచింది ఒక్క నిమిషం. ఆరోజు విన్నది ఐదు నిమిషాలు. తొందరలో చుట్టాం, వార్నిష్ లేదు. పంపను.”

“నేనే నమ్ముతానంటుంటే నీకేమిటి అడ్డం?”

“నువ్వు నమ్ముతున్నావు” అంది వదిన. “నేనింకా నమ్మలేదు.”

“దీనికోసమేనా నన్ను మధ్యాహ్నమే రమ్మన్నది? పోనీలే అని సర్దుకుని ధైర్యం తెచ్చుకునేసరికి నువ్వే పంపనంటావు!”  ఆడపడుచు గిటారు భుజానికి తగిలించుకుంది. గేటు వేసిన చప్పుడుకి కిటికీ రెక్క అదిరింది.

“ఎంత మొండిదానివే!” అన్నారు అత్తగారు. “అడిగింది కదా, ఇచ్చెయ్యరాదూ? ఇప్పుడు చూడు, నిజంగానే అలిగిపోయింది.”

 వదిన కుర్చీ లాక్కుని స్కోపు ముందు కూర్చుంది. తప్పు చేశానేమోనని అనుకుంటూనే ఉంది. అయినా లేవలేదు.

అల పారుతోంది. ఇస్త్రీపెట్టె రేకు వేడెక్కి, పక్కనున్న ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతోంది. ట్యూబులు కాషాయరంగులో నిలకడగా వెలుగుతున్నాయి. మీటరు పదిహేడున్నర దగ్గర మేకు కొట్టినట్టు ఉంది. కాసేపటికి వదిన ట్రాన్స్‌ఫార్మరు పక్కన చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది, భయపడేంత కాదు. ఈపాటికి పార్కులో మొదటి పాట మొదలై ఉంటుంది. రెండోది. అత్తగారు బల్బుని ఒళ్ళో దొర్లిస్తూ కునుకు తీస్తున్నారు. మూడో పాట కూడా అయిపోయి ఉంటుందనుకుని వదిన కొంచెం వెనక్కి జారి కూర్చుంది. ఇచ్చి పంపి ఉంటే బాగుండునేమో! ఇంత చక్కగా నడుస్తోంది, అనవసరంగా పిల్ల మనసు విరిచాను.

అల ఒక్కసారి జలదరించింది. వదిన ముందుకి వంగేలోపు ట్రాన్స్‌ఫార్మరులో చిటచిటమని చప్పుడు, నీలం మెరుపు, ఫ్యూజు టప్పుమంది. తెరమీద అల పోయి అడ్డగీత మిగిలింది. గదంతా కాలిన ఎనామిలు కంపు.

అత్తగారు ఉలిక్కిపడి లేచారు. “నా బల్బు కాదు, నేను పట్టుకునే ఉన్నాను!”

వదిన కదల్లేదు.  వారం పని, ఇవాళ్టి పని, రెండూ బూడిద. ఆ వెంటనే ఆమె కళ్ళముందు పార్కు కనబడింది. సరిగ్గా ఇప్పుడు ఆ పిల్ల స్టేజీ మీద ఉంది. ఈ మెరుపు అక్కడ మెరవలేదు. ఆ వేళ్ళు ఇప్పుడు కదులుతున్నాయి, చప్పుడు వస్తోంది. వదిన రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదిలాయి.

“ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?” అన్నారు అత్తగారు కంగారుగా.

“తెలీదు అత్తయ్యా.”

కాసేపటికి అత్తగారు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “దానికి చెప్పకే. గంటా నిలబడిందని చెప్పు. రేపెప్పుడైనా మళ్ళీ చుట్టుకుందువుగాని. తెలిస్తే ఈ జన్మలో నీ యాంపు ముట్టుకోదు” అన్నారు.

అత్తగారు చెడ్డమాటేమీ చెప్పలేదు. వదినకీ ఆ మాట మనసులో ఒక్క క్షణం తీయగా మెదిలింది. కిటికీ తెరిస్తే చాలు, వాసన పోతుంది. ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి, తియ్యకుండానే వెనక్కి వచ్చేసింది. చల్లారాక ట్రాన్స్‌ఫార్మరు ఊడదీసి, పొరలు విప్పింది. ఒక వరస చివర తీగ అంచునుంచి కిందకి జారి, కింది వరస పక్కన పడింది. రెంటి మధ్యా కాగితం నల్లగా, వేలెడంత మేర కాలి ఉంది. దాన్ని అలాగే, కాలిన వైపు పైకి కనబడేలా బల్లమధ్య పెట్టింది.

వీధి దీపాలు వెలిగే వేళకి ఆడపడుచు వచ్చింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి ఆగిపోయింది. లోపలికొచ్చి బల్లమీది నల్లమచ్చని చూసింది, వదినని చూసింది.

“కాలిపోయింది” అంది వదిన. “గంట నిలబడలేదు. సగం దాటిన తర్వాత కొంచెం సేపటికి పోయింది.”

ఆడపడుచు గిటారు దించకుండానే స్టూలు మీద కూర్చుంది. వేళ్ళమీద ఏదో లెక్క కట్టుకుంది.

“అంటే నేను నాలుగో పాటలో ఉన్నప్పుడు. ఒక్కదాన్నే వాయించే చోట. అక్కడ డ్రమ్ములు కూడా ఉండవు” అంది మెల్లగా. కాలిన చోటుని వేలికొసతో తడిమింది. “ఈ వరస నేను పట్టుకున్నదే కదా? మాటల్లో పడి వదులిచ్చినట్టున్నాను.”

“ఎవరు పట్టుకున్నా చుట్టింది నేను. నాదే తప్పు.” వదిన కాలిన చుట్టని తనవైపు లాక్కుంది. “ఇక నువ్వు వాయించకపోయినా నేనేమీ అనుకోను. నిజం చెబుతున్నాను.”

ఆడపడుచు ఫోను తీసింది.  ఎవరికి చేస్తోందో, ఏం చెబుతుందోనని వదిన చూస్తూ నిలబడింది.

“అన్నా, మీ అద్దె యాంపు మీ వాళ్ళు తీసుకుపోయారు, అందింది కదా? వచ్చే నెల కచేరీకి వద్దన్నా. ఆ పై నెల కూడా వద్దు. మాది మాకుంది.” పెట్టేసింది.

“ఏమే, నీ కళ్ళు ఏమయ్యాయి?” అంది వదిన. “ఎక్కడుంది? కాలి బూడిదై నీ ఎదురుగా ఉంటేనూ! నేనింకా కొత్తది చుట్టను కూడా లేదు.”

“చూశాను. ఇది ఇక్కడ కాలింది వదినా. నామీద కాలలేదు. నేను ఏడ్చి, అరిచి అడిగినా నువ్వు ఇవ్వలేదు చూడు, నేను నమ్మింది దాన్ని. ముప్పై ఎనిమిది వాట్లని కాదు.”

 వదిన బల్లమీది పట్టకారునీ, కత్తెరనీ అటూ ఇటూ సర్దింది. చివరికి, గొంతు వీలైనంత కటువుగా పెట్టుకుని, “ఈసారి కూడా గంట పూర్తికాకుండా ఇవ్వను. కాళ్ళావేళ్ళా పడినా సరే” అంది.

“ఇవ్వకు” అంది ఆడపడుచు.